ఫలదీకరణము దారి తప్పినప్పుడు

మెదకు జిల్లాలో శంకరంపేటలు రెండు కలవు. నాందేడు పోవు పెద్దరోడ్డుమీద నున్నదానిని పెద్ద శంకరంపేట యందురు. ఆ ప్రాంతపు దంపతులొకరు హైదరాబాదు నగరములో ఐ.వి.ఎఫ్. చికిత్స పొంది వచ్చి, అక్కడ ఇచ్చిన కాగితమొకటి మాకు చూపిరి. తీసిన గుడ్లు 11, పక్వమైనవి 9, సక్రమముగ ఫలించినవి 6, 'త్రీ పి.ఎన్.' 2, 'వన్ పి.ఎన్.' 1 అని అందులో వ్రాసియున్నది. చివరి రెండు పంక్తుల యెదుట 'పారవేయబడినవి' అని కలదు. చికిత్సకైన సొమ్ము పొలము కుదువబెట్టి తెచ్చినది. కావున మూడు గుడ్లు పోయినవన్న మాట ఆ యింట చిన్న మాట కాలేదు. "మూడున్నయి పారేసి రెండున్నయి పెట్టుడేంది?" అని ఆ యింటి పెద్దావిడ అడిగెను.

ఇది తెలివితక్కువ ప్రశ్న కాదు. రెండుకన్న మూడు ఎక్కువే కదా! ఇట్టి కాగితములు నేడు తెలుగునాట ఎన్నో యిండ్లకు చేరుచున్నవి. వానిలోని ఈ పొట్టి అక్షరములకు అర్థమేమో విడమరచి చెప్పువారు తక్కువ. వైద్యునికి తీరిక యుండదు. అడుగుటకు వీరికి బిడియము. అందుచేత ఆ సంగతి మేమిచ్చట కొంత వివరముగ చెప్పదలచితిమి.

స్త్రీ అండము మానవ శరీరమందలి కణములలో మిక్కిలి పెద్దది. అయినను దాని అడ్డుకొలత మిల్లీమీటరులో పదవవంతు మాత్రమే. మన శరీరపు కణములలో సామాన్యముగ 46 క్రోమోసోములుండును. అందు 23 తల్లినుండి, 23 తండ్రినుండి వచ్చినవి. శుక్రకణము తన 23 క్రోమోసోములను సిద్ధము చేసికొనియే బయలుదేరును. అండము కూడ అట్లే ముందుగా తన లెక్క సరిచూచుకొని కూర్చుండునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. అండాశయమునుండి వెలువడునాటికి అండము తన అదనపు భాగములో ఒకదానిని మాత్రమే చిన్న మూటవలె వెలుపలికి నెట్టియుండును. దీనిని ధ్రువకణమందురు. రెండవ మూటను శుక్రకణము లోపల ప్రవేశించిన తరువాతనే నెట్టును. అనగా అతిథి గడప దాటిన పిమ్మటనే ఇల్లాలు ఇల్లు సర్దుట మొదలుపెట్టును. ఈ తొందర సర్దుబాటులోనే కొన్ని పొరపాట్లకు తావు కలదు.

అండమునకు మరియొక పని కూడ ఆ క్షణముననే పడును. ఒక శుక్రకణము లోపలికి వచ్చినంతనే తలుపు మూయవలెను. అండపు అంచున చిన్న చిన్న సంచులు వరుసగా నుండును. మొదటి శుక్రకణము తాకినంతనే అండములో కాల్షియము అలవలె లేచును. ఆ సంచులు పగిలి, వానిలోని పదార్థము వెలుపలి పొరను గట్టిపరచును. రెండవవాడు వచ్చి ఎంత పొడిచినను ఆ పొర లొంగదు. స్వాభావికమైన గర్భధారణములో కోట్లకొలది శుక్రకణములు బయలుదేరినను అండముదాక చేరగలిగినవి కొన్ని వందలే. గాజుపళ్లెములో ఆ దూరము లేదు. అక్కడ వేలకొలది కణములు ఒక్కసారిగా గుడ్డుచుట్టు మూగును. తలుపు మూయుటలో రవంత ఆలస్యమైనచో ఇద్దరు దూరుదురు.

గాజుపళ్లెములో ఫలదీకరణము అనునది నేటి మాట కాదు. 1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డుహామ్ పట్టణములో ఈ పద్ధతిచే తొలి శిశువు జన్మించెను. ఆ పని వెనుక రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో, జీన్ పర్డీ అను మువ్వురి కృషి కలదు. అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషిచే మరియొక శిశువు జన్మించెను. ఆయన పనిని ఆనాటి పెద్దలు నమ్మలేదు. దానికి తగిన గుర్తింపు వచ్చుటకు ఆయన బ్రతికి యుండలేదు. 1986 ఆగస్టు 6న బొంబాయిలో డాక్టరు ఇందిరా హిందూజా, శాస్త్రజ్ఞుడు టి.సి. ఆనంద్ కుమార్ గార్ల కృషిచే కలిగిన శిశువుతో ఈ చికిత్స మన దేశములో స్థిరపడెను. తెలుగుదేశములో ఇంటింట దీని మాట వినబడినది 2019 సెప్టెంబరులో. డెబ్బదేండ్లు దాటిన ఒక స్త్రీ గుంటూరులో కవలలను కనుట నాడు పత్రికలన్నిటిలో వచ్చెను. ఆ గుడ్లు ఆమెవి కావు, దాతవి. ఈ ముక్క చాలమంది చదువరులు గమనింపలేదు. వయస్సుతోపాటు గుడ్డు ముదురుట, క్రోమోసోముల లెక్క తప్పుట పెరుగుట అన్నది మాత్రము మారలేదు.

ఇక ఆ కాగితములోని అక్షరములు. శుక్రకణమును అండమును కలిపిన పిమ్మట 16 మొదలు 18 గంటల వేళకు ప్రయోగశాలలో సూక్ష్మదర్శినిక్రింద ప్రతి గుడ్డును పరీక్షింతురు. అంతా సవ్యముగ నున్నచో గుడ్డునడుమ రెండు గుండ్రని వలయములు ఒకదానినొకటి ఆనుకొని కనబడును. ఒకటి తల్లి క్రోమోసోములున్న మూట, రెండవది తండ్రివి. వీనిని ప్రాక్కేంద్రకము లందురు. ఇంగ్లీషు పేరులోని రెండు పొడి అక్షరములే పి.ఎన్. గుడ్డు అంచున రెండు ధ్రువకణములు కూడ నుండవలెను. ఇదియే 'టూ పి.ఎన్.', సక్రమ ఫలదీకరణము. మరి కొన్ని గంటలకే ఈ వలయములు కరగిపోవును. అప్పటికి చూడనిచో ఇక చూచుటకేమియు నుండదు. గుడ్డు రెండు కణములై విడిపోవును, లోపలి లెక్క పైకి తెలియదు. మూడవనాడు చూచినచో మూడు వలయముల గుడ్డునుండి వచ్చిన పిండము సక్రమమైన పిండమువలెనే ముద్దుగా నుండవచ్చును. అందుచేతనే ఆ తెల్లవారి పరీక్షకు అంత విలువ. ఇటీవల కొన్ని కేంద్రములలో కొన్ని నిమిషములకొకమారు తనంతట తాను ఫొటో తీయు పెట్టెలు వచ్చినవి. వానిలో గుడ్డును బయటికి తీయకయే ఈ వేళను పట్టుకొనవచ్చును.

మూడు వలయములు కనబడినచో అక్కడ మూడు మూటలున్నవని అర్థము. క్రోమోసోములు 46 గాక 69. గాజుపళ్లెములో శుక్రకణములను గుడ్డుతో కలిపి విడుచు పద్ధతిలో నూటికి సుమారు అయిదు మొదలు ఎనిమిది గుడ్లు ఇట్లగుట కలదు. వీనిలో పెక్కింట రెండు శుక్రకణములు దూరియుండును. 1992లో బ్రస్సెల్సు నగరమునుండి మరియొక పద్ధతి వెలువడెను. దానిని ఇక్సీ అందురు. సన్నని గాజుసూదితో ఒకే ఒక శుక్రకణమును గుడ్డులోనికి ఎక్కింతురు. ఇద్దరు దూరుటకు అందులో అవకాశమే లేదు. అయినను మూడు వలయముల గుడ్లు అందులోను కొన్ని కనబడును. ఇచ్చట తప్పు తండ్రివైపు కాదు. అండము తన రెండవ ధ్రువకణమును బయటికి నెట్టలేక లోపలనే ఉంచుకొనుట. మూడు వలయములు చూచుటకు ఒకటే, కారణములు వేరు.

మూడున్నది బలమైనది ఎందుకు కాదు? శుక్రకణము తనతో క్రోమోసోములనే గాక, కణము చీలునపుడు దారములు లాగు కండెవంటి సాధనమునుగూడ తెచ్చును. రెండు శుక్రకణములు వచ్చినచో కండెలు కూడ రెండు వచ్చును. అవి రెండింతలగునప్పటికి గుడ్డు రెండు దిక్కులకు గాక మూడు నాలుగు దిక్కులకు చీలబోవును. ఏ క్రోమోసోము ఏ మూలకు పోవునో దానికే తెలియదు. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో జర్మను శాస్త్రజ్ఞుడు థియొడోర్ బొవెరి సముద్రములోని ముళ్లజీవుల గుడ్లపై ఈ సంగతిని కనిపెట్టెను. రెండు శుక్రకణములు దూరిన గుడ్లనుండి వచ్చిన జీవులలో ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున చెడుట చూచి, జీవికి కావలసినది క్రోమోసోముల సంఖ్య మాత్రమే కాదు, వానిలో ఏవేవి ఉండవలెనో అవి ఉండుట అని ఆయన తేల్చెను.

కొన్నిమార్లు ఆ 69యును చెదరక పిండముగా పెరుగుట కూడ కలదు. స్వాభావికముగ నిలిచిన గర్భములలో సైతము నూటికి ఒకటి రెండు ఇట్టివి. వానిలో అధికభాగము మొదటి మూడు నెలలలోనే పోవును. నెలలు నిండి పుట్టుట అరుదు. పుట్టిన శిశువు చాలదినములు బ్రతుకదు. ఇందుచేత మూడు వలయముల గుడ్డును గర్భాశయములో నుంచరు. శంకరంపేట యింటివారి రెండు గుడ్లు పోయినవని చెప్పుటకన్న, రానున్న ఒక గర్భస్రావము రాకుండ పోయినదని చెప్పుట సత్యమునకు దగ్గర. ఆ రెండు గుడ్లు అట్లయినంత మాత్రమున తక్కిన ఆరును చెడినవని అర్థము కాదు. ఒకే కొమ్మ కాయలలో రెండు పుచ్చినచో తక్కినవి పారవేయము గదా. అన్ని గుడ్లును లేక సగమునకు పైగా అట్లే అగుచున్నచో అది వేరు సంగతి. మరుసటిమారు పద్ధతిని మార్చవలెనేమో వైద్యుడు ఆలోచింపవలసి యుండును.

ఒకే వలయము కనబడిన గుడ్డుదే చిక్కు. దానికి రెండు మూడు కథలుండవచ్చును. రెండు మూటలును ఒకే పొరలో కలిసిపోయి ఒకటివలె కనబడవచ్చును. అప్పుడు లోపల 46యు సరిగానే ఉండును. లేక ఒక వలయము ముందు వచ్చి కరగి, రెండవది వెనుక రావచ్చును. పరీక్షవేళకు ఒకటే కంటబడును. లేక శుక్రకణము తోడు లేకయే అండము మేల్కొని, తల్లి మూట ఒక్కటితోనే నడక సాగింపవచ్చును. మొదటి రెండు కథలు మంచివి, మూడవది నిష్ఫలము. పైకి మూడును ఒకటే రూపు. గాజుపళ్లెములో కలిపి విడుచు పద్ధతిలో ఒక వలయపు గుడ్లలో చాలవరకు లెక్క సరిగా నుండుట కలదనియు, ఇక్సీ పద్ధతిలో అట్టివి తక్కువయనియు పరిశోధకులు కనుగొనిరి. అట్టి గుడ్డును అయిదారు దినములు పెంచినచో ఎక్కువపాలు మధ్యలోనే ఆగిపోవును. ఆగక పెరిగిన కొద్దిపాటి పిండములనుండి ఆరోగ్యవంతులైన శిశువులు కలిగిన సందర్భములు లోకములో నమోదైనవి. వలయమే కనబడని గుడ్డు మరునాడు చక్కగా చీలి పెరుగుట కూడ కలదు. అక్కడ తప్పిపోయినది చూచువేళ మాత్రమే కావచ్చును.

ఇంతవరకు చెప్పినది ప్రయోగశాలలో కంటబడు తప్పులను గూర్చి. కంటబడని తప్పు ఒకటి కలదు. అది వైద్యశాస్త్రమునకు ఒక పెద్ద రహస్యమును చెప్పినది. మన పెద్దలు ముత్యాల గర్భము అని పిలుచు వ్యాధి అది. నెల తప్పును, వేవిళ్లు మితిమించి వచ్చును, పొట్ట నెలల లెక్కకు మించి పెరుగును. కాని లోపల బిడ్డ యుండదు. ద్రాక్షగుత్తివలె నీటిబుడగలు నిండియుండును. రక్తస్రావములో ఆ బుడగలు పడుట చూచి పూర్వము ఇంటివారు గాలి సోకెననియు, ఎవరో చేతబడి చేసిరనియు భయపడెడివారు.

1977లో జపాను శాస్త్రజ్ఞులు కాజీ, ఒహామా ఆ బుడగల క్రోమోసోములను పరీక్షించి ఆశ్చర్యకరమైన సంగతి ప్రకటించిరి. సంపూర్ణమైన ముత్యాల గర్భములో క్రోమోసోములు 46యే. కాని అన్నియును తండ్రివే. తల్లి మూట పోయిన గుడ్డులోనికి ఒక శుక్రకణము దూరి తన 23ను రెండింతలు చేసికొనుటవలన గాని, రెండు శుక్రకణములు దూరుటవలన గాని అది ఏర్పడును. ఇక బుడగలతోపాటు పిండపు అవయవములు కొన్ని కనబడు అసంపూర్ణమైన రకము కలదు. దానిలో 69 క్రోమోసోములుండును: తల్లివి ఒక పాలు, తండ్రివి రెండు పాళ్లు. అనగా మనము పైన చెప్పిన ఇద్దరు దూరిన గుడ్డే ఇది.

తండ్రి క్రోమోసోములు మాత్రమే యున్నచో మాయ పెరుగును, బిడ్డ పెరుగదు. ఎందువలన? 1984లో కేంబ్రిడ్జిలో అజీమ్ సురానీ, ఫిలడెల్ఫియాలో మెక్‌గ్రాత్, సోల్టర్ అనువారు చిట్టెలుకల గుడ్లలో వలయములను తీసి మార్చి చూచిరి. రెండును తల్లివైనచో పిండము కొంత రూపు దాల్చెను గాని మాయ సరిగా నేర్పడలేదు. రెండును తండ్రివైనచో మాయకు సంబంధించిన భాగము పెరిగెను గాని పిండము నశించెను. కొన్ని జన్యువులపై ఇది తల్లిది, ఇది తండ్రిది అని ముద్ర పడియుండుననియు, ఒకరి ముద్ర వేరొకరి పనికి రాదనియు దీనివలన తెలిసెను. సంతానము లేనిచో తప్పంతయు స్త్రీమీదనే మోపి గొడ్రాలను మాట విసరుట మన పల్లెలలో ఇంకను పోలేదు. బిడ్డను మోయు మాయను కట్టుటలో తండ్రి క్రోమోసోములకు పెద్దపాలు కలదని చెప్పినచో అట్టివారు నమ్ముదురో లేదో!

ముత్యాల గర్భపు కథలో తెలుగువాని పాత్ర యొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వము వహించినవారు. ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేయుటలో కృతకృత్యమయ్యెను. గర్భిణులకు నేడు ఇచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్ర ఇదియే. దానిని గర్భమునకు ముందునుండియే తీసికొన్నచో శిశువు వెన్నుపాములో వచ్చు లోపములు చాలవరకు తగ్గునని 1991లో రుజువయ్యెను. ఆ బృందమే ఫోలిక్ ఆమ్లమును పోలియుండి, కణమును మోసపుచ్చి దాని పెరుగుదలను ఆపు మందులనుగూడ చేసెను. అందొకటి మెథోట్రెక్సేటు. సుబ్బారావు గారు 1948లో కాలధర్మము నొందిరి. 1956లో అమెరికాలోని బెథెస్డాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అను వైద్యులు మాయనుండి పుట్టి ఊపిరితిత్తులదాక ప్రాకు ఒక క్యాన్సరును ఈ మందుతో లొంగదీసిరి. అంతకుముందు ఆ వ్యాధి సోకిన స్త్రీలు సాధారణముగ కొలది నెలలలో మరణించెడివారు. ముత్యాల గర్భము తరువాత వచ్చు భయంకరమైన వ్యాధి ఇదే. ఒకే వైద్యకేంద్రములో ఒక గర్భిణికి ఫోలిక్ ఆమ్లమును, మరియొక స్త్రీకి దాని విరోధిని ఇచ్చుచున్నప్పుడు ఆ రెండు సీసాల వెనుకను భీమవరపు మనిషి ఉన్నాడని గుర్తుచేసికొనువారు అరుదు.

వ్యాధి ఇంత లొంగునదైనను ప్రాణములు పోవుట ఎందువలన? మా యెరుకలో ముఖ్యకారణము ఒకటే: కడుపు శుభ్రము చేయించుకొని ఇంటికి వచ్చినవారు మరల పరీక్షకు పోకుండుట. సంపూర్ణమైన ముత్యాల గర్భము తరువాత నూటికి పదునైదు ఇరువదిమందిలో కొంత కణజాలము గర్భాశయములో మిగిలి పెరుగుచుండును. అసంపూర్ణపు రకములో ఈ అపాయము తక్కువ, నూటికి అయిదుకు మించదు. మిగిలినదో లేదో పైకి తెలియదు, రక్తములో హెచ్.సి.జి. అను పదార్థపు కొలత చెప్పును. అది సామాన్యస్థితికి దిగువరకు వారమునకో రెండు వారములకో ఒకమారు, ఆపైన వైద్యుడు చెప్పిన కాలమువరకు నెలకొకమారు పరీక్ష చేయించుకొనవలెను. ఈ కాలములో మరల గర్భము రాకుండ చూచుకొనవలెను. వచ్చినచో అదే పదార్థము గర్భమువలన కూడ పెరుగును. ఏది ఎందువలన పెరిగినదో తెలియకపోవును. ఊరినుండి ఒక రక్తపరీక్షకొరకు ఒక దినపు కూలి మానుకొని బస్సెక్కుట ఎంత కష్టమో మేమెరుగుదుము. అయినను సకాలములో కనిపెట్టినచో దాదాపు అందరును నయమగుదురు; గర్భాశయము తీయవలసిన పనియు సామాన్యముగ నుండదు. తరువాత మరల ముత్యాల గర్భమే వచ్చుట సుమారు నూటికి ఒకరికి మాత్రమే. తక్కినవారికి బిడ్డలు మామూలుగానే కలుగుదురు.

ఐ.వి.ఎఫ్.లో మూడు వలయముల గుడ్లను ముందే తొలగింతురు గనుక అసంపూర్ణపు రకము చాలవరకు తప్పును. బొత్తిగా తప్పునని మాత్రము చెప్పరాదు. రెండు వలయములు కనబడినంతనే ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది అని సూక్ష్మదర్శిని చెప్పజాలదు. రెండును తండ్రివే కావచ్చును. ఒకమారు ముత్యాల గర్భము వచ్చిన స్త్రీ తరువాత ఐ.వి.ఎఫ్.కు పోవునప్పుడు ఆ సంగతి దాచక చెప్పవలెను. పిండమునుండి కొన్ని కణములు తీసి క్రోమోసోములను పరీక్షించు పద్ధతులలో కొన్ని, ఏ పాలు ఎవరిదో కూడ చెప్పగలవు.

ఇక ఆ కాగితము చేతికి వచ్చినప్పుడు అడుగవలసినవి. కలిపి విడిచిరా, ఇక్సీ చేసిరా? ఎన్ని గంటల వేళ చూచిరి? ఒక వలయపు గుడ్డును ఎన్ని దినములు పెంచి చూచిరి? మన దేశములో 2021లో చేసిన సహాయక సంతానచికిత్సల చట్టము ప్రకారము ఈ చికిత్స చేయు ప్రతి కేంద్రమును నమోదు కావలెను. చికిత్స పొందు స్త్రీకి 21కి తక్కువ గాని, 50కి ఎక్కువ గాని వయస్సుండరాదు. దంపతుల వ్రాతపూర్వకమైన సమ్మతి లేక చికిత్స సాగరాదు. కావున ఈ ప్రశ్నలడుగుట బిడియపడవలసిన పని కాదు.

ఆరు మంచి గుడ్లున్నవారికి ఒక వలయపు గుడ్డును వదలుకొనుట సులభము. దంపతులకు మిగిలినది అదొక్కటే అయినప్పుడు మాట వేరు. అట్టివారికి కొన్ని కేంద్రములు ఆ పిండము అయిదవ ఆరవ దినమువరకు నిలిచినచో, క్రోమోసోముల పరీక్ష చేసి, ఫలము మంచిదైనచో గర్భాశయములో నుంచుటకు అంగీకరించును, మరికొన్ని అంగీకరింపవు. ఉంచినచో, పిండము ఒక వలయపు గుడ్డునుండి వచ్చినదని కాగితముమీద స్పష్టముగ వ్రాయించుకొని, మెదకులో గాని సంగారెడ్డిలో గాని తరువాత స్కానింగు చేయువారికి దానిని చూపవలెను. పదకొండు మొదలు పదునాలుగు వారముల నడుమ చేయు స్కానింగులో బిడ్డతోపాటు మాయనుకూడ ప్రత్యేకముగ పరిశీలించుటకు వారికి అది దారి చూపును.